దొరల మట్టులు – దీక్షితులవారి సాహిత్యము

సంగీత త్రిమూర్తులని మనవారు కొనియాడు మువ్వురిలో త్యాగరాజస్వామివారి చరిత్రము ఆంధ్రులకు కంఠస్థము. శ్యామశాస్త్రులవారు తెలుగున పాడినవారగుటచే వారును మనకు చేరువవారే. ముత్తుస్వామి దీక్షితులవారు మాత్రము ఇంచుమించుగా సర్వమును గీర్వాణమున రచించిరి గనుక, వాతాపి గణపతిని స్తుతించిన ఒక్క కీర్తన తప్ప, తక్కినదెల్ల విద్వాంసుల సొత్తుగా నిలిచిపోయినది. ఆ విద్వాంసులైనను వారి రచనలలో ఒక భాగమును పసిపిల్లల పాఠమని ప్రక్కకు నెట్టుచుందురు. చెన్నపట్టణపు కోటలో దొరల పటాలములు వాయించిన స్కాట్లండు, ఐర్లండు, ఇంగ్లండు దేశముల మట్టులకు దీక్షితులవారు కూర్చిన సంస్కృత సాహిత్యములే ఆ భాగము. వానికి నొట్టుస్వరములని పేరు. ఇంగ్లీషువారి నోటు అను మాటయే తమిళదేశపు నోట నొట్టయి స్వరముతో సంధి గూర్చుకొన్నది.

పరదేశపు విద్యను చేపట్టవలెనా, మానవలెనా యను ప్రశ్న మనకు క్రొత్తది గాదు. 1940లో ఆకాశవాణివారు హార్మోనియమును వెలివేసినపుడు ఈ వాదము దేశమంతట చెలరేగెను. ఆ వెలి ముప్పది యేండ్లకు గాని సడలలేదు. నేడు విడవలూరు మొదలుకొని రామతీర్థపు సముద్రతీరము వఱకు ఏ పల్లెలో పెండ్లి యూరేగింపు సాగినను, సన్నాయి వెనుకబడి, జలతారు కోటులు తొడిగిన బ్యాండుమేళము ముందు నడచుచున్నది. ఆ బ్యాండు మన వీథులకు వచ్చుటకు పూర్వమే, దాని తొలిరూపమును కోటగోడల నడుమ విని, దానినేమి చేయవలెనో నిర్ణయించుకొన్న మహనీయుని జీవితము మన మెఱుగదగినది.

దీక్షితులవారు తిరువారూరున మన్మథ సంవత్సర ఫాల్గుణ మాసమున కృత్తికా నక్షత్రమందు జన్మించిరి. క్రీస్తుశకమున అది 1775 అని ప్రసిద్ధి. పంచాంగపు లెక్కను బట్టి 1776 అనువారును గలరు. తండ్రి రామస్వామి దీక్షితులు గొప్ప వాగ్గేయకారుడు. హంసధ్వని రాగమును కల్పించిన కీర్తి ఆయనది. వేంకటమఖి వంశమునకు చెందిన వేంకట వైద్యనాథ దీక్షితులకడ ఆయన శిష్యరికము చేసెను. డెబ్బది రెండు మేళకర్తల సంప్రదాయము ఆ విధముగా నా యింటికి వచ్చినది. తిరువారూరు త్యాగరాజేశ్వరుని కోవెలలో ఏ వేళకు ఏ రాగము వాయింపవలెనో క్రమపఱచినవాడు రామస్వామియే. నలుబది యేండ్లు వచ్చువఱకు సంతానము లేక, వైదీశ్వరన్ కోవెలలో బాలాంబికను, ముత్తుకుమారస్వామిని సేవించిన మీదట కలిగిన జ్యేష్ఠపుత్రునకు ఆ స్వామి పేరే పెట్టిరి. చిన్నస్వామి, బాలుస్వామి యనువారు తమ్ములు, బాలాంబిక చెల్లెలు. చిన్ననాడే కావ్యనాటకాలంకారములును, వ్యాకరణమును, వీణయును, గాత్రమును ముత్తుస్వామికి పట్టుపడెను.

ఆ కుటుంబమును తిరువారూరు నుండి చెన్నపట్టణపు పొరుగుననున్న మణలికి రప్పించినవాడు ముద్దుకృష్ణ మొదలియారు. ఆయన కుంపిణీ గవర్నరు పిగట్ దొరకు దుబాసీ. ఈ పిగట్ దొరనే 1776లో అతని కౌన్సిలువారే బంధించిరి; మరుసటి యేట ఆ బంధనమందే ప్రాణములు విడిచెను. దేశమును కొల్లగొట్ట వచ్చినవారు తమలో తాము కొట్టుకొన్న తీరున కది నిదర్శనము. దుబాసీల ధనమెట్లు వచ్చినదో మన మెఱుగనిది గాదు. ఐనను ఆ ధనములో కొంత సంగీతమునకు, దేవాలయములకు పోయినదని యొప్పుకొనకుండ నుండరాదు. మొదలియారి తరువాత ఆయన కుమారుడు వేంకటకృష్ణ మొదలియారు (చిన్నయ్య యని వాడుక) ఆ పోషణమును కొనసాగించెను. అతడే దీక్షితులవారి సోదరులను సెయింటు జార్జి కోటకు తోడ్కొనిపోయి అచటి బ్యాండు వినిపించెను. పెద్దవాడు విని మనసున నిలుపుకొనెను. చిన్నవాడైన బాలుస్వామికి ఫిడేలు మీద మోజు కలుగగా, చిన్నయ్య మొదలియారు ఒక యూరోపియను వాద్యకాని నియమించి మూడేండ్లు చెప్పించెను. బాలుస్వామి ఆ వాద్యమును మన శ్రుతికి మలచుకొని, మన గమకములు పలికించెను. నేడు ఫిడేలు లేని కర్ణాటక కచేరి యుండదు. అది పరదేశపు వాద్యమని తలచువాడును లేడు.

ఇచ్చట కోటలో వినబడిన సంగీతమును గూర్చి కొంత చెప్పవలసియున్నది. దానిని మనవారు ఇంగ్లీషు సంగీతమని ఒక్కపేర పిలిచినను, అందులో స్కాటులది, ఐరిషువారిది పెద్ద పాలు. స్కాట్లండు 1707లో తన పార్లమెంటును పోగొట్టుకొని ఇంగ్లండుతో నొక్కటి చేయబడిన దేశము. 1745లో అచటి కొండసీమలవారు పూర్వరాజవంశము పక్షమున ఆయుధము పట్టి, 1746లో కల్లోడెన్ కడ ఓడిరి. వారి గళ్ల చీరకట్టును సైతము శాసనము చేసి నిషేధించిరి. 1782 వఱకు ఆ నిషేధముండెను. పొలములు పోయిన ఆ కొండవారినే పటాలములుగా చేర్చి దేశదేశములకు పంపిరి. 1780లో మాక్లౌడు ప్రభువు నాయకత్వమున నొక కొండవారి పటాలము చెన్నపట్టణమున దిగి హైదరలీతో పోరెను. 1799లో శ్రీరంగపట్టణము మీద, 1803లో అస్సాయి కడ స్కాటు పటాలములు కలవు. తమ దేశమున ఓడినవారు మన దేశమున గెలిచినవారికి కూలిసేవ చేసిరన్నమాట. వారి వెంట వారి మట్టులును వచ్చినవి.

స్కాటుల మట్టుల స్వరూపము మన చెవికి అంత దూరమైనది గాదు. వానిలో ప్రాచీనమైనవి పెక్కు అయిదు స్వరములలోనే నడచును. మధ్యమ నిషాదములు విడిచిన మోహన రాగపు మెట్లే యవి. ఆ మెట్లనే వేరు స్వరమును షడ్జముగా గ్రహించి పాడినచో మనకు మధ్యమావతి, శుద్ధసావేరి, శుద్ధధన్యాసి పుట్టినట్లు, వారి పాటలును ఏ స్వరమున వ్రాలునో దానిని బట్టి రూపు మార్చుకొనును. ఏడాది తుదిని ఇంగ్లీషువారెల్ల చేతులు కలిపి పాడుకొను వీడుకోలు పాట స్కాటులదే. అది మోహన స్వరములలోనిదే. రవీంద్రనాథ ఠాకూరు దానికి వంగభాషలో మాటలు కూర్చెను. కొన్ని మట్టులలో పాట ఒక స్వరము నాశ్రయించి కొంతసేపు నడచి, పిమ్మట ఒక మెట్టు దిగి అచ్చటనే అదే నడకను మరల పలికి, తిరిగి తొలి చోటికి వచ్చును. దీనికి మూలము వారి తిత్తివాద్యమని చెప్పుదురు. తోలుతిత్తిలో గాలి నింపి, చంకను నొక్కుచు ఊదు ఆ వాద్యమున తొమ్మిది స్వరములే పలుకును. శ్రుతిగొట్టములు ఎడతెగక మ్రోగుచుండును. మన వీథిభాగవతుల మేళమున శ్రుతికై తిత్తి నూదుట చూచినవారికి ఇది వింత గాదు. ఊపిరికి తెగు లేనందున ఒకే స్వరమును రెండుమారులు పలుకుటకు నడుమ అతిసూక్ష్మమైన అనుస్వరములు తగిలింతురు. గమకమునకు మిక్కిలి చేరువకు వచ్చి, కంపితము మాత్రము లేక నిలిచిపోయిన పద్ధతి యది.

నడక మాటకు వచ్చినచో, రీలు అనునది చతురశ్రమున వడిగా సాగు నాట్యపు మట్టు. జిగ్ అనునది తిశ్రగతిని ఎగిరిపడునది. స్ట్రాత్‌స్పే యనునది కొంత నెమ్మదిగా, పొట్టి స్వరమును ముందు కొట్టి పొడుగు స్వరమును వెనుక నిలుపుచు నడచునది. చిటికె వేసినట్లుండు ఆ విఱుపు స్కాటుల గుర్తు. మట్టు సాధారణముగా రెండు ఖండములు. ఒక్కొక్క ఖండమును రెండేసిమార్లు వాయింతురు. మొదటి ఖండము క్రింది స్థాయిలో, రెండవది పై స్థాయిలో సంచరించును. మన అనుపల్లవి పైకి పోవుట పాఠకులకు ఇచ్చట స్ఫురింపవచ్చును.

అదే కాలమున స్కాట్లండులో నేమి జరుగుచుండెనో కూడ చెప్పుట యుక్తము. రాబర్టు బర్న్స్ అను రైతుకవి (1759–1796) దీక్షితులవారికి పదునారేండ్లు పెద్ద. తన దేశపు పాతమట్టులు మాటలు మఱచి మూగవోవుచుండగా, వానిని ఏరి, చినిగిన సాహిత్యమును కుట్టి, లేనిచోట క్రొత్తది వ్రాసి, జాన్సను ప్రకటించిన సంపుటములకు పంపెను. 1787 నుండి 1803 వఱకు ఆఱు సంపుటములుగా వెలువడిన ఆ గ్రంథమున ఆఱునూఱు పాటలు కలవు. ఆ పనికి అతడు జీతము పుచ్చుకొనలేదు. పార్లమెంటు పోయిన దేశమునకు పాటలైనను దక్కవలెనని అతని పంతము. అతడు మట్టుకు మాట కూర్చుచున్న ఆ దినములకు కొంచెము ఇటునటుగా, సముద్రములకు ఈవల మణలి వాస్తవ్యుడైన బ్రాహ్మణ యువకుడు ఆ సీమల మట్టులనే విని మాట కూర్చుట ప్రారంభించుట కాలచక్రపు చమత్కారము. ఒకరి పేరు ఒకరు విని యుండరు.

దీక్షితులవారి నొట్టుస్వరములు సుమారు నలుబది లభించుచున్నవి. అన్నియు ధీరశంకరాభరణ మేళపు స్వరములలోనివే. తిశ్రము, చతురశ్రము తప్ప వేరు నడకలు లేవు. గమకము లేదు, ఒక్కొక్క స్వరమునకు ఒక్కొక్క యక్షరము. సంస్కృతమున గురులఘువుల నియమము కఠినము గదా. స్వరము పొడుగైనచోట గురువు, పొట్టియైనచోట లఘువు పడునట్లు, దేవతాస్తుతికి భంగము రాకుండ, తన గురుగుహ ముద్రను సైతము చొప్పించి కూర్చుట వినుటకు తేలిక, చేయుటకు గాదు. వానిలో కొన్ని సాహిత్యములు కేవలము సంబోధనల దండలే యని నేనును ఒప్పుకొందును. వారి నవావరణ కీర్తనలతో వీనిని ఒక త్రాసున నుంచరాదు. కాని గొప్పవాని చిన్నపని గూడ అతని తీర్పును తెలుపును.

జగదీశ గురుగుహ యని మొదలగు పాటకు మూలము లార్డు మాక్డొనాల్డు రీలు. అది పదునెనిమిదవ శతాబ్దపు స్కాటు ప్రభువైన సర్ అలెగ్జాండరు మాక్డొనాల్డు కల్పించినదని వాడుక. ఈ మట్టే వలసవెళ్లినవారి వెంట అమెరికాకు పోయి, అచ్చటి పల్లెటూరి ఫిడేలుకాండ్రచేత తోలులాగు అను మొఱటు పేరు పెట్టించుకొన్నది. ఒకే మట్టు అట్లాంటికు సముద్రమునకు ఆవల త్రాగి గంతులు వేయుటకును, బంగాళాఖాతపు ఒడ్డున ఈశ్వరస్తోత్రమునకును పనికివచ్చినది! శక్తిసహిత గణపతిని స్తుతించునది ఫ్రెంచి నాట్యపు మట్టు. సుబ్రహ్మణ్యుని మీద నొకటి బ్రిటిషు సిపాయిల కవాతు మట్టు. దేవసేనాపతికి సేనల మట్టు కూర్చుటలో ఔచిత్యము కలదు.

అన్నింటిలో మన మాలోచింపదగినది సంతతం పాహిమాం అనునది. దీని మట్టు ఇంగ్లీషు రాజును దేవుడు రక్షించుగాక యని పాడు రాజగీతపుది. అది 1745లో లండను నాటకశాలలలో ప్రచారమునకు వచ్చినది. స్కాటు కొండవారు దండెత్తి వచ్చుచున్నారను భయమే అందుకు కారణము. తరువాత ఎందఱో రాజులు దానిని తమ తమ స్తుతులకు వాడుకొనిరి. ఆ పాట విన్నపుడెల్ల లేచి నిలువవలెనని మన దేశమున 1947 వఱకు నిర్బంధించిరి. నిలువనివారిని రాజద్రోహులవలె చూచిరి. దీక్షితులవారు ఆ మట్టును తీసి, రాజు ఉన్న చోట సంగీత శ్యామలాదేవిని కూర్చుండబెట్టిరి. ఇది రాజకీయపు ఎత్తుగడ యని చెప్పుట అత్యుక్తి. వారు రాజకీయములు మాటలాడిన జాడ లేదు. కాని ఆ సంవత్సరములేవో గుర్తుంచుకొనవలెను. 1799లో శ్రీరంగపట్టణము కూలెను. ఆ యేడే తంజావూరు రాజ్యాధికారము కుంపిణీ చేతికి పోయెను. 1801లో నవాబు నుండి మన నెల్లూరు సీమయు గుంజుకొనబడెను. దక్షిణదేశపు దొరతనమంతయు చేతులు మాఱుచున్న దినములలో, గెలిచినవాని సంగీతమును విని భయపడక, అసహ్యింపక, వంగి సలాము చేయక, తనకు పనికివచ్చినంత మేరకు తీసికొని దేవునకు నివేదించిన నిబ్బరము సామాన్యమైనది గాదు.

మఱియొక విషయము. దీక్షితులవారు ఆ మట్టులను తమ కీర్తనలలో కలుపలేదు. శంకరాభరణమున వారు రచించిన అక్షయలింగవిభో మొదలగు కృతులలో కోటబ్యాండు ఛాయ వెదకినను దొరకదు. హిందూస్థానీ రాగముల విషయమున మాత్రము వారు వేరుగా నడచిరి. మణలికి వచ్చిన చిదంబరనాథయోగి వారిని వెంటబెట్టుకొని కాశికి పోయెను. అచ్చట కొన్నియేండ్లు గురుశుశ్రూష చేసి, శ్రీవిద్యోపదేశము పొంది, ధ్రుపదు గాయకుల విలంబకాలపు ఠీవిని విని, దానిని రక్తమున కలుపుకొనిరి. ద్విజావంతి, యమునాకల్యాణి రాగములలో వారి కృతులు ఉత్తరదేశపు గంగను కావేరికి తెచ్చినవి. గురుని ఆజ్ఞ చొప్పున గంగలో దిగగా వీణ లభించెనని ఐతిహ్యము. యోగి సమాధి కాశిలో హనుమాన్ ఘట్టమున కలదు. ఇంటిలోని యన్నదమ్ముల విద్యతో నొకతీరున, అతిథివలె వచ్చిన విద్యతో వేఱొకతీరున వారు మెలగిరి.

కాశి నుండి మరలి తిరుత్తణి చేరినపుడు ఒక వృద్ధుడు వచ్చి నోరు తెఱువుమని కలకండ వేసి మాయమయ్యెననియు, అంతట మాయామాళవగౌళలో తొలి కీర్తన వెలువడెననియు శిష్యులు చెప్పుదురు. గురుగుహ ముద్ర నాటినుండియే. పిమ్మట కంచిలో ఉపనిషద్బ్రహ్మేంద్రుల సాంగత్యము, తిరుపతి యాత్ర, మన నెల్లూరికి పొరుగుననున్న శ్రీకాళహస్తిలో వాయులింగమునకు హుసేని రాగమున కృతి. తిరువారూరునకు తిరిగివచ్చి కమలాంబా నవావరణములను, నవగ్రహ కృతులను రచించిరి. తంబియప్పన్ అను మద్దెలకాని శూలనొప్పి తగ్గుటకై బృహస్పతి మీద కీర్తన చెప్పి ఆ నవగ్రహమాల మొదలిడిరని ప్రతీతి. కుల భేదమును పాటింపక నట్టువకాండ్రకును, దేవదాసీలకును విద్య గఱపిరి. తంజావూరు సోదర చతుష్టయమైన పొన్నయ్య, చిన్నయ్య, శివానందము, వడివేలు వారి శిష్యులే. తెలుగునను రచించిరి: తోడిరాగమున వర్ణమొకటి, శ్రీరంజనిలో దరువొకటి కలవు.

ధనార్జన వారికి చేతగాలేదు. ఇంట బియ్యము లేని దినములు పెక్కు. రాజాస్థానమునకు పొండని యొత్తిడి చేసిన ఇల్లాలిని లక్ష్మీస్తుతితో సమాధానపఱచిరని చెప్పుదురు. తమ్ముడు చిన్నస్వామి 1823లో గతించెను. బాలుస్వామి మాత్రము ఫిడేలు పుణ్యమా యని ఎట్టయాపురపు జమీందారు కొలువున స్థిరపడెను. తమ్ముని చూడ తుదిదినములలో దీక్షితులవారు అచ్చటికి పోవుచు, దారిలో బీడువడిన నేల చూచి కరుణించి అమృతవర్షిణి పాడగా వాన గురిసెనందురు. నాట్లకై కాలువల వంక చూచుచు కూర్చుండు మన రైతులకు ఈ కథ తక్కిన యన్నింటికంటె హృద్యముగా నుండును. 1835లో, తాము పుట్టిన మన్మథ సంవత్సరమే అరువదియేండ్లకు తిరిగి వచ్చిన యేట, అక్టోబరు 21న, నరకచతుర్దశినాడు, శిష్యులు మధుర మీనాక్షిపై తమ కృతి పాడుచుండగా దేహము చాలించిరి. వారి సమాధి ఎట్టయాపురమున నున్నది. ఆ యూరనే 1882లో సుబ్రహ్మణ్య భారతి జన్మించెను.

నొట్టుస్వరములు నశింపక నిలుచుటకు ఆంధ్రదేశమును కొంత కారణము. మచిలీబందరున 1832–33 ప్రాంతమున, దీక్షితులవారు జీవించియుండగనే, వారి శిష్యుడొకడు ఈ పాటలు ఇరువదింటిని సి.పి. బ్రౌను దొరకు వ్రాయించి యిచ్చెను. వేమన పద్యములను చెదలనోట నుండి తప్పించిన ఆ చేతులే వీనిని గూడ భద్రపఱచెను. ఆ వ్రాతప్రతి చెన్నపట్టణపు ప్రాచ్యలిఖిత పుస్తకశాలకు చేరెను. బాలుస్వామి దౌహిత్రుడును, దత్తపుత్రుడునైన సుబ్బరామ దీక్షితులు (1839–1906) ఎట్టయాపురమున కూర్చుండి, చిన్నస్వామి మొదలియారను క్రైస్తవ పండితుని ప్రోద్బలమున, 1904లో సంగీత సంప్రదాయ ప్రదర్శినిని తెలుగు భాషలో, తెలుగు లిపిలో అచ్చు వేయించెను. దీక్షితులవారి కృతులను స్వరపఱచి లోకమునకిచ్చిన మూలగ్రంథ మదియే. మరుసటి యేట ఆయన ప్రకటించిన ప్రథమాభ్యాస పుస్తకమున, అదియు తెలుగుననే, నొట్టుస్వరములు ముప్పదికి పైగా అచ్చుపడినవి. తమిళదేశపు పాండ్యసీమలో పుట్టిన ఆ తెలుగు పుస్తకమును తమిళులు తమ లిపిలోనికి మార్చుకొని ఇంటింట చదువుకొనుచుండగా, అది వ్రాయబడిన భాషవారమైన మన పల్లెలలో సరళీస్వరములు నేర్పు పంతుళ్లకడ దానిని చూచుట అరుదైపోయినది.